మిరపకు యాభై ఏళ్లు, టమోటాకు నాలుగొందలు

మదనపల్లె దగ్గరి కురబలకోట మండలంలో ఏ ఇంటికి పోయినా పళ్లెంలో రాగిసంగటి, పక్కన ఊరిబిండి ఉంటాయి. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, కాస్త చింతపండు, ఇష్టమైతే ఒక టమోటా వేసి రోట్లో నూరితే ఊరిబిండి సిద్ధం. రాయలసీమ తిండి అంటే ఇదే అన్నంతగా అది మనదైపోయింది.

ఈ పళ్లేన్ని వృక్షశాస్త్రం కంటితో చూస్తే లెక్క మారుతుంది. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రాంతాల పంట. చింతదీ ఆఫ్రికా మూలమే. అవి రెండూ మన నేలకు పాతకాపులు, వేల ఏళ్ల కిందట వచ్చి కుదురుకున్నవి. మిరప, చెనిక్కాయ, టమోటా మాత్రం అమెరికా ఖండాల మొక్కలు. 1500 నాటికి ఈ గడ్డమీద వాటి గింజ ఒక్కటి లేదు. 1509లో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కిన నాటి విందులో కారమంటే మిరియాల కారమే.

ఈ మూడింటికీ దారి తెరిచింది యూరప్ ఓడలే. అయినా మూడూ ఒకేసారి మన పొలాల్లో కుదురుకోలేదు. మిరప యాభై అరవై ఏళ్లలోనే ఇక్కడ వేళ్లూనుకుంది. చెనిక్కాయ పెద్ద పంట కావడానికి మూడు వందల ఏళ్లు ఆగింది. టమోటా నాలుగు వందల ఏళ్లు గడప దగ్గరే నిలబడింది. గింజను తేవడం ఓడ పని. దాన్ని ఉంచుకోవాలా వద్దా అని తేల్చింది మాత్రం ఇక్కడి నేల, ఇక్కడి వంటిల్లు, ఇక్కడి సంత.

గాలి గీసిన దారి

1492లో కొలంబస్ బయలుదేరింది భారతదేశపు మిరియాల కోసం. చేరింది కరీబియన్ దీవులకు. అక్కడి జనం ‘అజి’ అనే కాయను కూరల్లో వాడుతున్నారని, అది మిరియం కంటే మేలైనదని 1493 జనవరిలో తన దినచర్యలో రాసుకున్నాడు. అదే మన మిరప. 1498 మేలో వాస్కో డ గామా ఆఫ్రికాను చుట్టి కాలికట్ దగ్గరి కప్పడ్ తీరానికి వచ్చాడు. ఒకరిది పడమటి దారి, ఇంకొకరిది తూర్పు దారి. అమెరికా మొక్క మలబారుకు చేరాలంటే ఈ రెండు దారులూ ఎక్కడో కలవాలి.

కలిపింది గాలి. ఆఫ్రికా తీరం వెంబడే దక్షిణానికి పోదామంటే ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు ఎదురు కొడతాయి. అందుకని పోర్చుగీసు నావికులు ఓడను పడమరకు తిప్పి, అట్లాంటిక్ నడుమ పెద్ద చుట్టు తిరిగి, ఇంకా దక్షిణాన వీచే పడమటి గాలుల్ని అందుకొని ఆఫ్రికా కొనను దాటేవారు. 1500లో పెడ్రో అల్వారెస్ కాబ్రాల్ 13 ఓడలతో ఆ చుట్టు తిరుగుతూ ఏప్రిల్‌లో బ్రెజిల్ తీరాన్ని తాకాడు. అదే ఏడు సెప్టెంబరులో కాలికట్‌లో లంగరు వేశాడు. బ్రెజిల్, పశ్చిమ ఆఫ్రికా, మలబారు ఆరు నెలల్లో ఒకే ఓడదారిలోకి వచ్చాయి.

1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకున్నారు. విజయనగరానికి కావలసిన అరబ్బీ, పారశీక గుర్రాలు ఎక్కువగా ఆ రేవు మీదుగానే హంపీకి నడిచాయి. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఆ రాజధానిని చూసి వివరంగా రాశాడు. మదనపల్లె, పుంగనూరు సీమలు కూడా ఆ రాజ్యంలోవే. గుర్రం రావాలంటే బేరం, ఒప్పందం, రాయబారం కావాలి. గింజకు ఇవేవీ అక్కర్లేదు. ఎవరో ఒకరి మూటలో చారెడు ఉంటే చాలు.

ఖాళీ ఉన్న చోట మిరప

మిరప ఎంత త్వరగా పాకిందో చెప్పడానికి ఒక తప్పే సాక్ష్యం. 1542లో జర్మనీకి చెందిన లియోన్‌హార్ట్ ఫుక్స్ తన మూలికా గ్రంథంలో మిరప మొక్కల బొమ్మలు వేయించి, వాటికి ‘కాలికట్ మిరియం’ అని పేరు పెట్టాడు. అమెరికాలో ఆ కాయను యూరప్ వాళ్లు చూసి అప్పటికి యాభై ఏళ్లే. అంతలోనే అది భారతదేశపు మొక్క అని ఒక పెద్ద పండితుడు నమ్మాడు.

ఈ తొందరకు కారణం మిరియం. మిరియపు తీగకు మలబారు వానలు, నీడ, పాకడానికి చెట్టు కావాలి. ఏడాదికి ఏడెనిమిది వందల మిల్లీమీటర్లు కూడా వాన పడని మన మెట్టసీమలో అది బతకదు. కాబట్టి కారం అంటే ఇక్కడ కొనుక్కోవలసిన సరుకు. మిరప వచ్చేసరికి కారం పెరటి సరుకైంది. ఎర్రనేలలో, తక్కువ నీటితో, ఐదారు నెలల్లో కాపు. ఎండబెడితే ఏడాదంతా నిలవ. ఒక్క కాయలో పదుల కొద్దీ గింజలు. పువ్వు తన పుప్పొడితోనే కాయగలదు గనుక ఒక్క మొక్క బతికినా వంశం నిలుస్తుంది. వంటింట్లో కారానికి చోటు ముందే ఉంది. అందులో ఉన్న ఖరీదైన సరుకును చవక సరుకు తోసేసింది.

మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. మన నాలుక మీద, చర్మంలో వేడిని గుర్తించే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది మెదడుకు ‘కాలుతోంది’ అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్లి అదే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. అందుకే కాయ చల్లగా ఉన్నా నోరు కాలినట్టుంటుంది. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో ఈ ప్రోటీన్‌కు క్యాప్సైసిన్ అంటదు. పిట్ట మిరపపండును హాయిగా తిని గింజను చెక్కుచెదరకుండా దూరాన విసర్జిస్తుంది. ఎలుక నమిలితే గింజ పిండైపోతుంది. ఎలుకను తరిమి పక్షిని పిలవడానికి మొక్క అల్లుకున్న ఉపాయమే కారం. పక్షి చేసే పనిని సముద్రాల మీదుగా మనిషి చేశాడు, మంట పుడుతున్నా మానకుండా.

మిరప రాక ముందరి వంట పూర్తిగా పోలేదు. చాలా ఇళ్లలో ఆబ్దికం నాటి వంటలో మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ వేయరు. మిరియాలు, అల్లం, నువ్వులు, మినుములు, పెసలు, అరటికాయ, కంద, చేమగడ్డలతోనే వండుతారు. తిరుమల శాసనాల్లో నైవేద్యాలకు ఇచ్చిన సరుకుల్లోనూ బియ్యం, నెయ్యి, పెసరపప్పులతో పాటు కనిపించేది మిరియాలే. పెద్దల తిథికి పెద్దలు తిన్నదే పెట్టాలన్న నియమం 1500కు ముందరి వంటింటిని ఇన్నాళ్లూ పదిలంగా దాచిపెట్టింది.

చోటు దొరకని టమోటా

టమోటా కథ ఇందుకు తలకిందులు. దాని అడవి బంధువులు పెరూ, ఈక్వెడార్‌లలో ఆండీస్ పర్వతాల పడమటి వాలుల్లో పెరుగుతాయి. వాటిలో ఒకదాని పండు రేగుపండంత కూడా ఉండదు. దాన్ని పెద్ద పండుగా మలిచింది మెక్సికో రైతులు. స్పెయిన్ సేనలు 1521లో అక్కడి అజ్టెక్ రాజధానిని కూల్చాక అది యూరప్ చేరింది. 1544లో ఇటలీ వైద్యుడు మట్టియోలి దాని గురించి రాశాడు. అయినా యూరప్‌లో చాలామంది దాన్ని తినడానికి చాలాకాలం జంకారు. అది ఉమ్మెత్త కుటుంబపు మొక్క కావడమే అందుకు ఒక కారణం.

మన దగ్గర భయం కంటే పెద్ద అడ్డు చింతచెట్టు. కూరకు పులుపు కావాలంటే చింతపండు ఉంది, మామిడికాయ ఉంది, నిమ్మ ఉంది, గోంగూర ఉంది. చింతపండు ఏడాది నిలవుంటుంది, టమోటా నాలుగు రోజులకే కుళ్లుతుంది. వంటింట్లో పులుపు పీట ఖాళీగా లేదు. 19వ శతాబ్దం చివర కూడా టమోటా మన దేశంలో ఎక్కువగా యూరోపియన్ల కోసం పండించిన కూరగాయే.

దానికి చోటు దొరకాలంటే కోసిన కాయ మర్నాటికల్లా పట్నం చేరాలి. రోడ్డు, లారీ, బోరుబావి, వేలం మండీ రావాలి. 20వ శతాబ్దంలో ఇవన్నీ వచ్చాక మదనపల్లెకు ఉన్న ఒక సహజ గుణం బయటపడింది. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే హార్స్‌లీ హిల్స్ దాదాపు 1,265 మీటర్లు. టమోటా పువ్వు వేడికి ఓర్వదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రులు కూడా వేడిగా ఉంటే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా 30 డిగ్రీలు మించితే సరిగా తయారు కాదు. మైదానాల్లో ఎండాకాలం పూత రాలే రోజుల్లో మదనపల్లె, కురబలకోట, పుంగనూరు, పలమనేరు, కుప్పం పొలాల్లో కాయ నిలుస్తుంది. ఇతర చోట్ల సరుకు లేని రోజుల్లో ఇక్కడి నుంచి లారీలు కదులుతాయి. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటని మదనపల్లెకు పేరు రావడానికి పునాది ఈ ఎత్తే. ఆండీస్ వాలుల మొక్కకు తెలుగునేల మీద దొరికిన కొద్దిపాటి పుట్టింటి చల్లదనం ఇది.

ఊడ దింపిన చెనిక్కాయ

చెనిక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికాలో నేటి బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతం. రెండు అడవి జాతులు కలిసి, వాటి క్రోమోజోములు రెట్టింపై పుట్టిన మొక్క ఇది. పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేలలోపల ఊరుతుంది. పూత రాలాక అండాశయం అడుగునుంచి ఒక ఊడ సాగి, మట్టిలోకి దిగి, అక్కడ చీకట్లోనే కాయ కడుతుంది. ఊడ దిగాలంటే నేల గుల్లగా ఉండాలి. రాయలసీమ ఎర్ర ఇసుకనేలలు అందుకు అచ్చంగా సరిపోయాయి. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది గనుక బీదనేలలోనూ పండుతుంది.

ఇంత అనువుగా ఉన్నా అది మూడు వందల ఏళ్లు పెరటి చిరుతిండిగానే ఉంది. నువ్వులు, ఆముదాల నూనె ఇక్కడ ముందే ఉన్నాయి. తలుపు తెరిచింది ఫ్రాన్స్ రేవు మార్సెయ్. 19వ శతాబ్దంలో అక్కడి సబ్బు, నూనె మిల్లులకు నూనెగింజలు కుప్పలు తెప్పలుగా కావలసివచ్చాయి. పాండిచ్చేరి మీదుగా మద్రాసు రాజధాని చెనిక్కాయలు ఓడలెక్కాయి. రైలుమార్గాలు లోపలి సీమలకు పాకేకొద్దీ పంట కూడా పాకింది. కొర్ర, సజ్జ, ఆరికె పండిన చేలు చెనిక్కాయ చేలయ్యాయి. తిండిగింజ పోయి డబ్బుగింజ వచ్చింది. వాన తప్పిన ఏడు అటు డబ్బూ లేక, ఇటు ఇంట్లో గింజా లేక అల్లాడడం సీమ రైతుకు అప్పటినుంచి వచ్చిన కష్టం.

ఓడలు మోసిన మిగతా బరువు

జామ, బొప్పాయి, సీతాఫలం, అనాస, జీడిమామిడి, మొక్కజొన్న, గెనుసుగడ్డ, ఉర్లగడ్డ, పొగాకు, దసరాకు గుమ్మానికి కట్టే బంతి, అన్నీ ఆ రాకపోకల్లో వచ్చినవే. ఇక్కడినుంచి పోయినవీ ఉన్నాయి. మన మామిడి బ్రెజిల్ చేరింది. గోవాలో పోర్చుగీసువారు మామిడికి అంటుకట్టడాన్ని బాగా పెంచారు. మేలైన చెట్టు గుణాన్ని చెక్కుచెదరకుండా వేల చెట్లకు ఎక్కించే ఆ పద్ధతి మీదే నేటి చిత్తూరు సీమ మామిడితోటలు నిలబడ్డాయి.

ఈ ఓడల్లో పంటలు మాత్రమే ప్రయాణించలేదు. యూరప్ మశూచి అమెరికాలో అడుగుపెట్టింది. ఆ జబ్బును ఎన్నడూ ఎరగని శరీరాల్లో రోగనిరోధక శక్తి లేదు. తర్వాతి నూటయాభై ఏళ్లలో రోగాలు, యుద్ధాలు, వెట్టి కలిసి అక్కడి జనాభాలో అత్యధిక భాగాన్ని తుడిచేశాయి. ఖాళీ అయిన పొలాలకు, గనులకు, చెరకుతోటలకు ఆఫ్రికానుంచి సుమారు కోటి పాతిక లక్షల మందిని బానిసలుగా ఓడలెక్కించారు. 1545లో బయటపడ్డ పొటోసీ వెండి యూరప్ మీదుగా మన తీరానికీ వచ్చింది. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో దిగి ఆ వెండితో తెలుగు నేతగాళ్ల బట్ట కొన్నారు. కోరమాండల్ బట్టలో కొంత ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి మారకంగా పోయింది. ఊరిబిండికి గింజను చేర్చిన దారీ, మనుషుల్ని సంకెళ్లతో నడిపిన దారీ వేరువేరు కావు.

గింజ వచ్చింది, బంధువులు రాలేదు

ఓడలో వచ్చింది చారెడు గింజలే అన్నది ఇక్కడ కీలకం. ఆండీస్ కొండల్లో టమోటాకు పదికి పైగా అడవి జాతులున్నాయి. ఎండను తట్టుకునేవి, ఉప్పునేలలో బతికేవి, పురుగును దగ్గరికి రానీయనివి. ఆ గుణాల జన్యువులన్నీ అక్కడే ఉండిపోయాయి. పెరూనుంచి మెక్సికోకు కొన్ని గింజలు, అక్కడినుంచి యూరప్‌కు ఇంకా కొన్ని, అక్కడినుంచి మనకు మరీ కొన్ని. ప్రతి మజిలీలోనూ వైవిధ్యం తగ్గింది. పైగా పువ్వు కూడా మారింది. అడవి టమోటాలో కీలాగ్రం పువ్వు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, పరాయి పుప్పొడి కోసం. పెంపుడు టమోటాలో అది లోపలే దాక్కుని సొంత పుప్పొడితో కాయ కడుతుంది. ప్రయాణానికి అది సులువు, జన్యువుల కలయికకు అది చేటు. అడవి జాతుల్లో ఉన్న వైవిధ్యంలో సాగు టమోటాలో ఉన్నది ఐదు శాతం కూడా లేదని జన్యుశాస్త్రవేత్తల అంచనా.

బంధువులతో పాటు శత్రువులూ వెనకే ఉండిపోయాయి. కొత్త నేలలో మొక్క విరగకాయడానికి అది కూడా ఒక కారణం. శత్రువు లేకపోతే ఏమవుతుందో నాగజెముడు చూపించింది. ఎర్రరంగునిచ్చే కొచినీల్ పురుగును పెంచుదామని ఈస్టిండియా కంపెనీ వాళ్లు 18వ శతాబ్దం చివర అమెరికా నాగజెముడు మీద ఆశపెట్టుకున్నారు. 1795లో బ్రెజిల్ నుంచి తెచ్చిన పురుగు అసలు కొచినీల్ కాదు, రంగు వ్యాపారం తేలిపోయింది. ముళ్లకంప మాత్రం దక్షిణాదిన పొలాలనూ బీళ్లనూ కమ్మేసింది. చివరికి 1926లో దాని పాత శత్రువైన మరో పొలుసు పురుగును తెచ్చి వదిలితే కొన్నేళ్లలోనే మెత్తబడి కూలింది. 1870ల చివర కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం విత్తిన సర్కారు తుమ్మకు అలాంటి శత్రువు ఇంకా దొరకలేదు. చెరువుల్లో, వంకల్లో దాని రాజ్యమే.

టమోటాకు శత్రువులు రెండు వైపులనుంచి వచ్చాయి. తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్‌లు ఈ దేశపువే. కొత్తగా వచ్చిన మొక్కను అవి పట్టుకున్నాయి, ఎదిరించే జన్యువు దానిలో లేదు. రెండో శత్రువు పుట్టింటినుంచే వచ్చింది. పెరూలో 1917లో గుర్తించిన ట్యూటా అబ్సల్యూటా అనే సన్న పురుగు ఆకు పొరల నడుమ సొరంగాలు తవ్వి, కాయలోకి దూరి కుళ్లబెడుతుంది. నెల తిరక్కుండా ఒక తరం, ఏడాదికి పది పన్నెండు తరాలు. అది 2006లో స్పెయిన్‌లో దిగింది. 2014లో మహారాష్ట్రలో కనిపించి, త్వరలోనే దక్షిణాది టమోటా పొలాలకు పాకింది. దక్షిణ అమెరికా, స్పెయిన్, భారతదేశం. టమోటా వచ్చిన బాటనే దాని పురుగు నాలుగైదు శతాబ్దాలు ఆలస్యంగా వచ్చింది. స్పెయిన్ నుంచి మన దేశానికి రావడానికి పురుగుకు ఎనిమిదేళ్లే పట్టింది. ఇప్పటి కంటైనర్ల వేగం అంత.

మందు కూడా పుట్టింటివైపే ఉంది. ఆకుముడతను తట్టుకునే టీవై జన్యువులు చిలీ, పెరూ కొండల్లోని అడవి టమోటాలనుంచి వచ్చాయి. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క రక్షక్ వంటి హైబ్రిడ్లకు ఆ తట్టుకునే గుణం ఇలాంటి బంధుత్వంనుంచే. చెనిక్కాయదీ అదే దారి. బొలీవియాలో సేకరించిన ఆరాకిస్ కార్డెనాసీ అనే అడవి జాతి ఆకుమచ్చనూ తుప్పునూ ఎదిరిస్తుంది. పరిశోధకుల మధ్య గింజలు చేతులు మారుతూ, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వంటి సంస్థల చేతుల మీదుగా ఆ జన్యువు ఎన్నో దేశాల చెనిక్కాయ చేలకు చేరిందని 2021లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం తేల్చింది.

కాబట్టి ఖండాల మధ్య సాగిన ఈ పంటల మార్పిడి చరిత్ర పుస్తకంలో ముగిసిన అధ్యాయం కాదు, సగంలో ఉన్న పని. మొదటి సగంలో ఓడలు చారెడు గింజల్ని తెచ్చి మిగతాదంతా వదిలేశాయి. రెండో సగంలో ఆ వదిలేసినదాన్ని తెచ్చుకోవాలి, ఈసారి దోపిడీగా కాక, ఇచ్చిపుచ్చుకోవడంగా. 2023 జూలై చివర మదనపల్లెలో కిలో రెండు వందల రూపాయల దరిదాపుకు పోయిన టమోటా సెప్టెంబరుకల్లా పది రూపాయల చుట్టుపక్కలకు పడింది. ధరల ఆ ఊగిసలాట సంతకు సంబంధించినది. అందులో తెగుళ్ల వాటా మాత్రం జన్యువులకు సంబంధించినది, అది తగ్గించుకోగలిగిందే. పెరూ, బొలీవియా కొండవాలుల్లో మేకలు మేస్తున్న, రోడ్ల కింద పోతున్న ఆ కలుపు లాంటి మొక్కలు మిగలాలి. వాటి గింజలు జన్యునిధుల్లో భద్రంగా ఉండాలి. ఆ గింజల్ని ఇచ్చిన దేశాలకు దక్కవలసినది దక్కాలి. ఈ మూడూ ఎక్కడో దూరాన ఉన్న పర్యావరణ ప్రేమికుల ముచ్చట కాదు. కురబలకోటలో వచ్చే ఏడు నారు పోసే రైతు పెట్టుబడికి అవి బీమా.